పెద్దులు పొదిగిన గుడ్లు

వియ్యంకుడు కబురు పెట్టి వచ్చినా, పెట్టకుండా వచ్చినా ఇంట్లో కోడి తెగవలసిందే. దేవరకొండ చుట్టుపక్కల పల్లెల్లో ఆడపిల్లనిచ్చినవాడికి ఇది రాయని శాసనం. పప్పుచారు పోసి పంపిస్తే వియ్యంకుడు ఏమీ అనడు. తింటాడు, చెయ్యి కడుక్కుంటాడు, నవ్వుతూనే పోతాడు. ఆ తర్వాత వెళ్లిన ప్రతి పెళ్లిలోనూ ఆ పప్పుచారు గురించి చెబుతాడు. పెద్దులుకు ఈ భయం జాస్తి. ఆ మాటకొస్తే పెద్దులుకు ఏ భయమైనా జాస్తే. వాన రాకపోతే రాలేదని, వస్తే ఆగదేమోనని, ఆగితే మళ్లీ రాదేమోనని దిగులుపడే మనిషి. చెలక దున్నేటప్పుడు కూడా మధ్యమధ్యలో వెనక్కి తిరిగి ఇల్లు అక్కడే ఉందో లేదో చూసుకుంటాడని ఊళ్లోవాళ్లు వేళాకోళం చేసేవారు.

అలాంటి మనిషి ఇంటికి, రోహిణి కార్తె ఎండలో, మిట్టమధ్యాహ్నం, మర్రిగూడ నుంచి వియ్యంకుడు ఐలేశం దిగాడు. కోడలు జానమ్మను చూసిపోదామని వచ్చాడు. జానమ్మ పెద్దులుకు ఒక్కతే బిడ్డ. కిందటేడు అత్తగారింట్లో నెలలు నిండకముందే కాన్పయి, పుట్టిన పిల్లవాడు ఏడవకుండానే పోయాడు. ఈసారి కాన్పు పుట్టింట్లోనే కావాలని బాలనర్సమ్మ పట్టుబట్టి బిడ్డను తెచ్చుకుంది. బాలనర్సమ్మ అంటే పెద్దులు భార్య. ఆ ఇంట్లో పట్టుబట్టడం ఆమె వంతు, దిగులుపడడం ఆయన వంతు.

ఐలేశం వచ్చే వేళకు బాలనర్సమ్మ ఇంట్లో లేదు. పొయ్యిలోకి జొన్న మోళ్లు ఏరడానికి చెలకకు పోయింది. జానమ్మ లోపలి అర్రలో నిద్రపోతోంది. పెద్దులు మంచం వాల్చి, కాళ్లకు నీళ్లిచ్చి, తాగడానికి మజ్జిగ ఇచ్చి, వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. ఆ ఎండాకాలం కొక్కెర తెగులు వచ్చి ఊరి కోళ్లన్నీ మెడలు వాల్చి చచ్చాయి. ఎవరి గంప ఎత్తి చూసినా ఈకలే. అయినా దేవుడు పంపినట్టు ఆయన వాకిట్లోనే ఒక నల్లకోడి గింజలు ఏరుకుంటూ తిరుగుతోంది. పెద్దులు గంప వేశాడు. గంప వేయడానికి పట్టినంత సేపు కూడా కోయడానికి పట్టలేదు.

కొట్టంలో మూలన తట్టలో గుడ్లు పెట్టి కోడిని పొదగేసిన సంగతి పెద్దులు విన్నాడు. కానీ ఆ ఇంట్లో కోళ్ల సంగతి ఆడవాళ్లది, అరకల సంగతి మగవాళ్లది. పొదిగే కోడి కూర్చుంటుంది, తిరిగే కోడి పొదిగేది కాదు, ఇదీ ఆయన లెక్క. పొదుగు మీది తల్లి రోజుకొకసారి కిందికి దిగి, నాలుగు గింజలు తిని, గుక్కెడు నీళ్లు తాగి, మళ్లీ గుడ్ల మీదికి ఉరుకుతుందని యాభై ఏళ్లొచ్చినా ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆయనా అడగలేదు.

బాలనర్సమ్మ మోళ్ల మోపుతో వచ్చేసరికి దొడ్లో నల్ల ఈకలు ఎగురుతున్నాయి. మోపు దించడం కూడా మరిచిపోయి అలాగే నిలబడింది. అవతల మంచం మీద వియ్యంకుడున్నాడు. అరవడానికి లేదు, ఏడవడానికి లేదు. మొగుడిని పొయ్యి దగ్గరికి పిలిచి, గొంతు తగ్గించి అంది.

"పొదుగు మీది తల్లిని కోసినవ్. ఇంట్ల కడుపుతోని బిడ్డ ఉన్నది. గా పాపం ఎటు తిరుగుతదో నీకు ఎర్కేనా?"

పెద్దులుకు ఎరుకే. పొదుగు మీది కోడిని కోసిన ఇంట్లో కడుపు నిలవదని ఆయన తల్లి చెప్పేది, తల్లికి ఆమె తల్లి చెప్పింది. ఎవరింట్లో ఎప్పుడు అలా జరిగిందని అడిగితే ఎవరూ చెప్పలేరు, ఎందుకంటే ఎవరూ పొదుగు మీది కోడిని కోయరు. ఆయన రోటి పక్కన కూలబడ్డాడు. కూర వండక తప్పలేదు. ఐలేశం లొట్టలేసుకుంటూ తిని, రెండుసార్లు అడిగి వేయించుకున్నాడు. గడప అవతల నుంచే కోడలిని పలకరించి, పైలంగా ఉండమని చెప్పి, చల్లబడ్డాక మర్రిగూడ దారి పట్టాడు.

జానమ్మకు అన్నం అర్రలోకే పంపారు. కోడి పక్కింటి సుక్కమ్మ ఇచ్చిందన్నారు. నల్లకోడి తట్టకు చీమలు పట్టాయని, అందుకే తట్టతో సహా సుక్కమ్మ కొట్టంలో పెట్టామన్నారు. ఒక అబద్ధానికి ఇంకో అబద్ధం తోడుండాలి కదా. జానమ్మ ఊఁ అని ఊరుకుంది. మొదటి బిడ్డ పోయినప్పటి నుంచి ఆ పిల్ల మాటలు తగ్గించేసింది. ఆమెకు ఈ సంగతి తెలిస్తే గుండె పగిలి పోతుందని, కడుపులో బిడ్డకు తగలాల్సిన పాపం ఆ భయంతోనే తగులుతుందని ముసలివాళ్లిద్దరూ అనుకున్నారు.

గుడ్లు ఇంకా చల్లారలేదు. బాలనర్సమ్మ వాటిని పాత చీరలో చుట్టి, పొయ్యి వెనక వెచ్చటి బూడిద మీద తట్టతో పెట్టింది. తల్లి పోయినా పిల్లలు లేస్తే పాపం తప్పుతుందని ఆమె తీర్మానించింది. ఎవరు చెప్పారని పెద్దులు అడగలేదు. మునిగేవాడు గడ్డిపోచ ఎవరిదని అడుగుతాడా? పిల్లలు లేవకపోతే ఏమవుతుందో ఆమె అనలేదు, ఆయనా అడగలేదు. కానీ ఆ క్షణం నుంచి ఆ తట్టలోవి ఆయన కంటికి గుడ్లు కావు, మనవడో మనవరాలో.

తెగులుకు చావకుండా మిగిలిన ఒకే ఒక్క పెట్ట సుక్కమ్మది. దాన్ని బతిమాలి తెచ్చి గుడ్ల మీద కూర్చోబెట్టి గంప మూశారు. పొదుగుకు రాని కోడి పొదుగుతుందా? అది గుడ్ల మీద నిలబడింది, అరిచింది, ఒక గుడ్డును పొడిచి తాగింది. పెద్దులు దాన్ని గంప కింద నుంచి లాగి బయటికి విసిరాడు. పగిలిన గుడ్డులో ఎర్రటి నరాలు, మధ్యలో కొట్టుకుంటున్న చుక్క కనిపించాయి. ఆయన చూస్తుండగానే ఆ చుక్క ఆగిపోయింది. ఆ రోజు ఆయనకు అన్నం దిగలేదు.

అప్పుడు గ్రామసేవక్ అమరేందర్ గుర్తొచ్చాడు. కిందటేడు సమితి ఆఫీసు తరఫున సైకిలు మీద వచ్చి, చావడి దగ్గర సభ పెట్టి, గుడ్లు పొదగడానికి కోడే అక్కరలేదు, కందిలి దీపం చాలు అని చెప్పాడు. మగవాళ్లందరూ పగలబడి నవ్వారు. అందరికంటే ఎక్కువ నవ్వింది పెద్దులే. ఇప్పుడు ఎండలో దేవరకొండ దాకా నడిచి, ఆఫీసు గుమ్మంలో నిలబడి, ఆ కందిలి సంగతి మళ్లీ ఒకసారి చెప్పమని చేతులు కట్టుకుని అడిగాడు.

అమరేందర్ కూడా దాన్ని శిక్షణలో ఒక్కసారే చూశాడట. అయినా అడిగేవాడు ఒకడు దొరికాడన్న సంతోషంలో పుల్లతో నేల మీద గీసి చూపించాడు. కింద కందిలి, దాని మీద ఇసుక పోసిన రేకు, ఆ పైన గడ్డి పరిచి గుడ్లు, పక్కన మూకుడులో నీళ్లు. పూటపూటకూ గుడ్లు తిప్పాలి. గాలి ఆడడానికి కిందొక బెజ్జం, పైనొక బెజ్జం ఎప్పుడూ తెరిచే ఉంచాలి. వేడి ఎంత ఉండాలని పెద్దులు అడిగితే తల్లికోడి కడుపంత అన్నాడు. పెద్దులు తల వంచుకున్నాడు. ఆ కడుపు ఎంత వెచ్చగా ఉంటుందో ఆయన చేతికి తెలుసు. ఈకలు పీకేటప్పుడు తగిలింది.

ఇంటికి రాగానే అటక మీది, జొన్నలు పోసే పాత గుమ్మి దించాడు. నడుమెత్తు వెదురు గుమ్మి అది. లోపలా బయటా పేడతో అలికి, అడుగున కందిలి పట్టేంత బెజ్జం కోసి, కొట్టంలో ఎద్దుల వెనక, ఎవరి కంటా పడని మూలన నిలబెట్టాడు. కందిలిలో పోసే గ్యాసునూనె వాసన జానమ్మ ముక్కుకు తగలకుండా ఉండదు కాబట్టి, ఎద్దు గిట్ట వాచింది, కాపు పెడుతున్నామని చెప్పారు. పాపం, ఆ ఎద్దు ఏ జబ్బూ లేకుండానే అన్నాళ్లూ జబ్బుదైంది.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. గుడ్లు పగలవా మరి? ఎండ ముదిరితే గుడ్లు ఉడికిపోతాయని కందిలి ఆర్పేవాడు. ఆర్పిన కాసేపటికే చల్లబడ్డాయేమోనని మళ్లీ వెలిగించేవాడు. గుమ్మి మీద గోనెపట్టా తడిపి వేసేవాడు, తడి ఎక్కువైందని తీసి ఆరేసేవాడు. చివరికి బాలనర్సమ్మకు విసుగొచ్చి, గుడ్డు తీసి మూసిన కనురెప్పకు ఆనించి చూడమని నేర్పింది. రెప్పకు చురుక్కుమంటే వేడెక్కువ, చల్లగా తగిలితే తక్కువ, ఏమీ తెలియకపోతే సరిపోయింది. పెద్దులుకు ఎన్నిసార్లు ఆనించినా ఏదో ఒకటి తెలుస్తూనే ఉండేది. ఊరంతా చెలకలు దున్నుకుంటుంటే ఆయన అరక గోడకు ఆనించే ఉంది. మిరుగం కార్తె వస్తోంది, దుక్కి ఎప్పుడని అడిగినవాళ్లకు ఎద్దు గిట్ట చూపించేవాడు.

ఒక పొద్దున బాలనర్సమ్మ కొట్టం తలుపు సందులోంచి పడే ఎండకు గుడ్డును అడ్డం పట్టి, పిడికిలి గొట్టంలా చేసి చూసింది. తర్వాత ఆయనకు చూపించింది. లోపల నల్లగా, మబ్బులాగా ఏదో ఉంది. చూస్తుండగా అది కదిలింది. ఒక్కొక్కటే పట్టి చూశారు. రెండు మూడు తప్ప అన్నీ కదిలాయి. పెద్దులు ఆ పూట పెళ్లివారి అన్నం తిన్నట్టు తిన్నాడు. బిడ్డ దగ్గరికి పోయి కూర్చుని, కారణం లేకుండా నవ్వాడు. జానమ్మ ఆయన ముఖంలోకి చాలాసేపు చూసి, కడుపు మీద చెయ్యి వేసుకుని అటు తిరిగి పడుకుంది.

ఆ సంతోషం పెద్దులు ఇంట్లో ఎక్కువ కాలం ఉండలేదు. ఇంకో రోజు జానమ్మ తల్లితో, పొద్దుటి నుంచి కడుపులో కదలిక తెలియడం లేదంది. ఆ మాట గోడవతల నుంచి విన్న పెద్దులు మంత్రసాని గోపమ్మ ఇంటికి ఉరకలేదు. కొట్టంలోకి ఉరికాడు. రేకు మీద ఇసుక కాలుతోంది. మూకుడులో నీళ్లు ఇంకిపోయాయి. గుడ్లు తీసి, చల్లటి గాలి తగిలేలా విసిరి, ఒక్కొక్కటే చెవి దగ్గర పెట్టుకుని, దండం పెట్టుకుని మళ్లీ పెట్టాడు. కాసేపటికి జానమ్మ, ఇప్పుడు కదిలిందమ్మా అంది. ఇక పెద్దులుకు ఏ అనుమానమూ మిగల్లేదు. అక్కడా ఇక్కడా ఉన్నది ఒకటే ప్రాణమని ఆయనకు స్థిరపడిపోయింది.

మిరుగం ముందురోజు సాయంత్రం పడమట నల్లగా మబ్బు లేచింది. ఊరంతా ఎదురుచూసిన మబ్బు. పెద్దులు ఒక్కడికే అది యముడిలా కనిపించింది. ఉరుము వింటే పొదుగులోని గుడ్లు మురుగుతాయి. అందుకే గుడ్ల మధ్య ఒక బొగ్గు, ఒక ఇనుప ముక్క పెడతారు. అవి రెండూ బాలనర్సమ్మ ఎప్పుడో పెట్టింది. కానీ మామూలు ఉరుములకు ఆ బొగ్గు చాలుతుందేమో, ఆ సాయంత్రపు ఉరుములకు గోడలే కదులుతున్నాయి. తల్లికోడి ఉంటే రెక్కలు చాపి గుడ్లకు చెవులు మూసేది. తల్లి లేదు. పెద్దులు అటక మీది గొంగడి తెచ్చి గుమ్మి చుట్టూ బిగించి చుట్టాడు. ఉరుము దూరడానికి అడుగు బెజ్జమూ పై బెజ్జమూ దారులే కదా అనిపించి, రెండింటిలోనూ గుడ్డపేలికలు కుక్కాడు. ఆ తర్వాత వానకు ఇంటి కప్పు కారితే బిడ్డ మంచం జరపడంలో, గిన్నెలు పెట్టడంలో పడిపోయాడు. ఎప్పుడు నిద్రపట్టిందో తెలియదు.

తెల్లవారి లేచేసరికి నేలంతా తడిసి, గాలి చల్లగా తగిలింది. కొట్టంలోకి పోయి గొంగడి విప్పాడు. కందిలి ఆరిపోయి ఉంది. నూనె నిండుగానే ఉంది. గాజు బుడ్డి మసితో నల్లబడింది. గాలి లేక దీపం ఎప్పుడు చచ్చిందో ఏమో, రేకు మీది ఇసుక చల్లగా ఉంది. గుడ్డు తీసి రెప్పకు ఆనించుకున్నాడు. ఇంక ఆనించనక్కర్లేదు, చేతికే తెలుస్తోంది. గాలి బెజ్జాలు మూయవద్దని అమరేందర్ పుల్లతో గీసి మరీ చెప్పాడు. తల్లిని తెలియక చంపాడు, పిల్లల్ని కాపాడబోయి చంపాడు. పెద్దులు గుమ్మిని కౌగిలించుకుని, గొంతు బయటికి రాకుండా ఏడ్చాడు.

వెనక అలికిడి అయింది. జానమ్మ నడుము మీద చెయ్యి పెట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"దీపం ఎప్పుడు ఆరింది నాయినా?"

పెద్దులు ఎద్దు గిట్ట అని ఏదో మొదలుపెట్టి ఆపేశాడు. జానమ్మ దగ్గరికి వచ్చి, కష్టంగా వంగి, గుడ్డు తీసి రెప్పకు పెట్టుకుంది.

"గా దినం ముక్క నోట్ల పెట్టుకోంగనే ఎర్కైంది. పొదుగు మీది కోడి కూర పీచు లెక్క ఉంటది. నీకు చెప్తే నువ్వు బతుకవని చెప్పలే. మీరు లేనప్పుడు రోజు వచ్చి చూసిపోతున్న."

ఆ పిల్ల ఇన్నాళ్లూ ఒక్కతే గోడ వైపు తిరిగి ఎందుకు పడుకుందో పెద్దులుకు అప్పుడు అర్థమైంది. భయాన్ని ఆమెకు చేరకుండా తాము దాచామనుకున్నారు. ఆమె దాన్ని మింగి, అరిగించుకోలేక, తమకు తెలియకుండా దాచింది. మురిగిన గుడ్లు ముట్టుకోవద్దని, తన ముఖం చూసైనా లోపలికి పొమ్మని ఆయన కాళ్లావేళ్లా పడ్డాడు.

"ముట్టకపోతే తగలదా నాయినా? గీ చలి సచ్చిన చలి గాదు. జర నా ఒళ్లె పెట్టు."

పత్తి ఏరేటప్పుడు కట్టినట్టు చీర ముందుకు దోపి ఒడి కట్టి, గోడకు ఆనుకుని కూర్చుంది. పెద్దులు గుడ్లు ఒక్కొక్కటే అందించాడు. వాటిని కడుపుకు చుట్టూ సర్దుకుని, పైన కొంగు కప్పుకుంది. నిండు గర్భిణి కడుపు ఎంత వేడిగా ఉంటుందో ఏ గ్రామసేవక్‌కు తెలుసు? బాలనర్సమ్మ వచ్చి చూసి నెత్తి కొట్టుకుంది. కానీ బిడ్డ ముఖంలో ఎన్నాళ్లకో కనిపించిన పట్టుదల చూసి కొంగు అంచు తనే సర్దింది. అది తన పోలికేనని ఆమెకు తెలుసు.

ఆ రోజు నుంచి జానమ్మ కూర్చుంటే ఒడిలో, పడుకుంటే పక్కలో గుడ్లే. అన్నం తల్లి కలిపి పెట్టేది. ఎక్కువసేపు లేవాల్సి వస్తే తల్లి ఒడి పట్టేది. కొన్ని గుడ్లు బరువు తగ్గి వాసన వేశాయి. వాటిని పెద్దులు చెలకకు తీసుకుపోయి, ఎవరూ చూడకుండా గుంత తీసి పాతాడు. ఒక్కోటి పాతి వచ్చినప్పుడల్లా ముందు బిడ్డ ముఖం చూసేవాడు. ఆమె కాళ్లు వాచాయి, కళ్లు గుంటలు పడ్డాయి. ఏమీ కాదు నాయినా అనేది. ఆ మాట ఆమె గట్టిగా అన్నకొద్దీ ఆయనకు భయం పెరిగేది.

ఒడిలో నాలుగైదు గుడ్లు మాత్రమే మిగిలిన పొద్దున, ఒక గుడ్డులో టిక్కు టిక్కుమని చప్పుడైందని జానమ్మ తల్లిని పిలిచింది. బాలనర్సమ్మ చెవి పెట్టి వింటుండగానే జానమ్మ నడుము పట్టుకుని మూలిగింది. నొప్పులు మొదలయ్యాయి. సుక్కమ్మ ఉరికి గోపమ్మను తెచ్చింది. మర్రిగూడకు మనిషిని పంపారు. గోపమ్మ లోపలికి వస్తూనే ఒడిలో గుడ్లు చూసి, ఇదేం చోద్యమని అవతల పెట్టించబోయింది. జానమ్మ పళ్ల బిగువున నొప్పి పట్టుకుని కొంగు వదల్లేదు. తండ్రిని పిలవమంది. మగవాడు ఆ గదిలోకి రాకూడదంటే, గడప దాకా రమ్మంది.

"అమ్మ నాకాడ ఉండాలె. నువ్వే పట్టుకో నాయినా. కింద పెట్టకు."

పెద్దులు ధోవతి అంచు పైకి దోపి, బిడ్డలాగే ఒడి కట్టాడు. గడప మీదుగా బాలనర్సమ్మ గుడ్లు అందులో పెట్టింది. తలుపు మూసుకుంది. ఆయన వాకిట్లోని అరుగు మీద, గోడకు ఆనుకుని, రెండు చేతులూ గుడ్ల చుట్టూ పెట్టుకుని కూర్చున్నాడు. మిరుగం చినుకులు పడి ఆగాయి. చల్లటి గాలి వీచినప్పుడల్లా ముందుకు వంగి కడుపుతో కప్పుకున్నాడు. దారిన పోయేవాళ్లు పలకరిస్తే తల ఊపాడు. ముక్కు మీద ఈగ వాలితే తోలుకోలేదు. లోపల బిడ్డ మూలిగినప్పుడు ఆయన ఒళ్లు గట్టిపడేది, మూలుగు ఆగితే ఊపిరి ఆగేది. మొదటి కాన్పులో కూడా ఇలాగే మూలుగు ఆగిందని, ఆ తర్వాత ఏ చప్పుడూ రాలేదని వియ్యంకులు చెప్పిన మాట చెవిలో తిరుగుతూనే ఉంది. ఒడిలో చప్పుడు వస్తోందా అని చూస్తే, గుండె చప్పుడు తప్ప ఏమీ వినబడడం లేదు.

పొద్దు వాలుతుండగా ఐలేశం వచ్చాడు. గొంగడి భుజాన వేసుకుని, బురద కాళ్లతో వాకిట్లో నిలబడ్డాడు. పెద్దులు లేవలేదు. మంచం వాల్చలేదు, కాళ్లకు నీళ్లివ్వలేదు. ఐలేశం ముఖం మారింది. పెద్దులుకు తన జీవితంలో అంతకంటే సిగ్గుపడాల్సిన క్షణం లేదు. అయినా లేవలేదు.

"తప్పు పట్టకు బావా, లెవ్వలేను. గా దినం నీకు పెట్టింది పొదుగు మీది కోడి. ఎర్కలేక కోసిన. గివి దాని గుడ్లే."

ఐలేశానికి ఆ మాటలు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. మూసి ఉన్న తలుపు వైపు చూశాడు, పెద్దులు ఒడి వైపు చూశాడు. అరుగు మీద కూలబడ్డాడు.

"రెండుమాట్ల ఏయించుకున్న గద బావా," అన్నాడు.

తన భుజం మీది గొంగడి తీసి, గాలి దూరకుండా పెద్దులు చుట్టూ కప్పి, పక్కనే కూర్చున్నాడు. వియ్యంకులిద్దరూ అలా మాట్లాడకుండా కూర్చోవడం ఆ ఊళ్లో అంతకుముందు ఎవరూ చూడలేదు.

లోపల మూలుగులు దగ్గరదగ్గరగా వచ్చాయి. ఒక పెద్ద కేక వినబడింది. తర్వాత ఏమీ లేదు. పెద్దులు కళ్లు మూసుకున్నాడు. ఐలేశం చెయ్యి ఆయన మోచేతిని పట్టుకుంది. ఆ నిశ్శబ్దం ఎంతసేపు ఉందో ఇద్దరిలో ఎవరూ చెప్పలేరు. అప్పుడు పసిబిడ్డ ఏడ్చింది. గట్టిగా, కోపంగా, ఊరంతా వినబడేలా ఏడ్చింది. ఆడపిల్లని, తల్లీ బిడ్డా బాగున్నారని గోపమ్మ తలుపు సందులోంచి చెప్పింది. ఐలేశం లేచి, కండువాతో ముఖం తుడుచుకుంటూ గుమ్మం దగ్గరికి ఉరికాడు.

పెద్దులు ఒంట్లోంచి భయం అంతా ఒక్కసారి దిగిపోయింది. ఇన్నాళ్లుగా మోసిన బరువు దిగి, చేతులు తేలికయ్యాయి. పాపం తగల్లేదు. బిడ్డ బతికింది, బిడ్డకు బిడ్డ పుట్టింది. ఇంక ఈ గుడ్లు లేచినా లేవకపోయినా ఒకటేనని అనిపించి, కింద పెడదామని గొంగడి తీశాడు.

ఒక గుడ్డు అప్పటికే నడిమికి పగిలి ఉంది. పెంకు విడిపోయి, లోపలిది తడితడిగా, నల్లగా బయటికి జారింది. మెడ నిలబడడం లేదు. చల్లగాలికి వణుకుతూ సన్నగా అరిచింది. ఒడిలో అటూ ఇటూ పాకి, మిగతా గుడ్లను ముక్కుతో తడిమి, అక్కడ లేనిదాని కోసం వెతికింది. దొరకక మళ్లీ అరిచింది. పెద్దులు దాన్ని లేపుదామని కుడిచెయ్యి దగ్గరికి పెట్టాడు. అది ఆ చేతి కిందికి దూరింది. కత్తి పట్టిన చెయ్యి అది, దాని తల్లి మెడ పట్టిన చెయ్యి. ఆ సంగతి దానికి తెలియదు. అరచేతికి వీపు ఆనించి, తల ముడుచుకుని, అరుపు ఆపేసింది.

ఇన్నాళ్లూ పెద్దులు తన బిడ్డ కోసం భయపడ్డాడు. ఆ కోడి కోసం ఒక్కసారి కూడా ఏడవలేదు. రోజుకొకసారి గుక్కెడు నీళ్ల కోసం దిగిన తల్లి అది. ఆ నీళ్లు తాగే తొందరలో ఉండగానే గంప వేశాడు. ఇప్పుడు దాని బిడ్డ వెచ్చదనం కోసం ఆయన దగ్గరికే వచ్చింది. అరుగు మీద, అందరూ చూస్తుండగా, ఆ మనిషి వెక్కి వెక్కి ఏడ్చాడు. కన్నీళ్లు తుడుచుకోవడానికి చెయ్యి ఎత్తలేదు.

బాలనర్సమ్మ తలుపు తీసి, మనవరాలిని చూద్దువు గాని రమ్మని పిలిచింది. ఐలేశం కూడా రమ్మన్నాడు. వస్త, వస్త అన్నాడే గాని పెద్దులు కదల్లేదు. చెయ్యి తీస్తే అది మళ్లీ అరుస్తుంది.